మా సమ్మెకు అండగా నిలిచినవారికి

అందరికీ నమస్కారం. ఆఫీసు భవనాల్లో క్లీనింగ్ పనిచేసే మా అందరి తరఫున రాస్తున్నాను. సమ్మె ముగిసింది. జీతాల పెంపుకీ, హెల్త్ ఇన్సూరెన్స్‌కీ కాంట్రాక్టర్ ఒప్పుకుని సంతకం పెట్టాడు.

సమ్మె నిధికి డబ్బులిచ్చినవాళ్లు, గేటు దగ్గరికి భోజనాలు తెచ్చినవాళ్లు, ఫీజు తీసుకోకుండా కాగితాలు చూసిపెట్టిన లాయర్లు, మేం ధర్నాలో ఉంటే మా పిల్లల్ని చూసుకున్నవాళ్లు... మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందుగా దండం పెట్టాల్సింది మాత్రం ఆ భవనాల్లోని ఉద్యోగులకు. జీతం పెంచమంటే కాంట్రాక్టర్ "ఓనరు ఇచ్చేదాంట్లో నాకే మిగలట్లేదు" అంటాడు. ఓనరు దగ్గరికి వెళ్తే "మీరు మా మనుషులు కాదు, కాంట్రాక్టర్‌నే అడగండి" అంటాడు. తక్కువకు చేస్తానన్నవాడికే టెండర్ దక్కుతుంది. ఈ పనిలో ఖర్చంతా దాదాపు మా జీతాలే కాబట్టి ఆ తగ్గింపు చివరికి మా కడుపు మీదే పడుతుంది. మీరంతా సంతకాలు చేసి నేరుగా ఓనర్లకు ఉత్తరం ఇచ్చాకే ఇద్దరూ చర్చలకు వచ్చారు. మమ్మల్ని చూసి అయ్యో అన్నవాళ్లు ఇదివరకూ ఉన్నారు. ఓనర్‌ని నిలదీసింది మీరే.

గేటు దగ్గర మమ్మల్ని పరీక్షించిన డాక్టర్లకు కూడా. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుందని మాలో చాలామందికి వాళ్లు చెప్పేదాకా తెలియదు. పనిలో పెట్టుకున్నవాళ్లు చెప్పాల్సిన మాట అది! ఆయాసం, నడుంనొప్పి ఈ పనిలో మామూలే. సెలవు పెడితే జీతం కోత, మందులు సొంత డబ్బుతో. ఇన్సూరెన్స్ లేకుండా సంతకం పెట్టబోమని భీష్మించుకుంది అందుకే.

డీలాపడి ఉన్నప్పుడు ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చి అమెరికాలోని హ్యూస్టన్ సంగతి చెప్పారు. 2006లో అక్కడ క్లీనింగ్ కార్మికులు సుమారు నెలరోజులు సమ్మె చేసి, దాదాపు 5,300 మందికి వర్తించే ఒప్పందం సాధించారట. జీతాల పెంపుతో పాటు ఇన్సూరెన్స్ కూడా అందులో ఉందట. అమ్మా, ఆ పూట మీరు రాకపోతే కొందరు పనిలోకి వెళ్లిపోయేవాళ్లే.

పార్ట్‌టైం షిఫ్టువాళ్లకు ఇన్సూరెన్స్ ఇంకా రాలేదు, దానిమీద మాట్లాడుతున్నాం. నిధిలో మిగిలిన డబ్బు సమ్మెలో అప్పులపాలైన కుటుంబాలకు ఇస్తున్నాం. లెక్కల పుస్తకం యూనియన్ ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.