మా పాత కుట్టు మిషన్‌కి బాబిన్లు చుట్టుకునే దారి చూపించిన అందరికీ కృతజ్ఞతలు

మా ఒడిశాలో చేసుకునే రజ పండగకి ఒప్పుకున్న బట్టలన్నీ నిన్న సాయంత్రానికి ఇచ్చేశాను. పర్లాకిమిడి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, జూన్ నడిమిలో వచ్చే ఆ మూడు రోజులూ ఆడపిల్లలకి ఒంటి మీద కొత్త బట్ట ఉండి తీరాలి. ఉయ్యాల ఎక్కబోయే పిల్లకి గౌను పండగ వెళ్లాక ఇస్తానంటే కుదరదు. సరిగ్గా అలాంటప్పుడు నా మిషన్‌కి బాబిన్, అంటే కింది దారం ఉండే చిన్న కండె, చుట్టే వైండర్ విరిగింది. పని ఆగిపోకుండా నన్ను నిలబెట్టిన వాళ్ల గురించి నలుగురికీ తెలియాలి, అందుకే ఇది రాస్తున్నాను.

మిషన్ మా అత్తగారిది. సింగర్ 15కె, కాలితో తొక్కేది, స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైంది. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. అయినా సూదులకీ బాబిన్లకీ ఏనాడూ ఇబ్బంది పడలేదు, ఇళ్లలో వాడే నల్ల మిషన్లు చాలావాటికి ఇదే రకం బాబిన్ కాబట్టి ఏ కొట్లో అడిగినా ఇస్తారు. వైండర్ సంగతి వేరు. చక్రం పక్కన చిన్న రబ్బరు రింగు ఉంటుంది చూడండి, అది చక్రాన్ని ఆనుకుని తిరుగుతూ బాబిన్‌ని తిప్పుతుంది, దారం నిండగానే తనంతట తనే వెనక్కి తప్పుకుంటుంది. రబ్బరు అరిగితే మార్చుకోవచ్చు. నాకు విరిగింది రింగుని మోసే పోత ఇనుప చెయ్యి. ఇన్నేళ్లు పనిచేసిన వస్తువు, దాన్ని తప్పు పట్టడానికి లేదు. బజారులో దొరికిన కొత్త వైండర్ తెచ్చి పెడితే స్క్రూ బెజ్జాలు కలవలేదు.

మొదట చెయ్యి అందించింది పక్కింటి అపా (ఒడియాలో అక్క). “నా మిషన్ మీద చుట్టుకో, అడగడం దేనికి?” అంది. వంట చేస్తూ చేస్తూ మధ్యలో వచ్చి నా బాబిన్లు తనే చుట్టి గోడ మీంచి అందించేది. కానీ పండగ గౌనంటే ఒక రంగు కాదు కదా, రంగు మారినప్పుడల్లా ఆమెని లేపడం నాకే మనసొప్పలేదు. అపా, నువ్వు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అది నేను మర్చిపోను.

తర్వాత పాతపట్నం టైలర్ మాస్టారు. చేత్తో చుట్టిన బాబిన్‌తో కుట్టిన ముక్కొకటి ఆయనకి చూపించాను. పైన కుట్టు బాగానే ఉంది, కింద ఒకచోట దారం వదులై ఉంగరాలు తిరిగింది, ఇంకోచోట గుడ్డని లాగేసింది. బాబిన్ కూర్చునే డబ్బీ, అదే బాబిన్ కేస్, దాని మర (స్క్రూ) బిగించమంటారేమో అనుకున్నాను. “ఆ మర జోలికి ఎల్లకమ్మా, అది బాగానే ఉంది. చుట్టడంలో ఉంది తేడా” అన్నారు. కేస్‌లో బాబిన్ పెట్టి దారం కొస పట్టుకుని వేలాడదీశారు. మంచి బాబిన్ అయితే అలాగే నిలుస్తుంది, చేతిని చిన్నగా ఎగరేస్తే కొంచెం దిగి ఆగుతుంది. నాది ఒకసారి జర్రున జారింది, ఒకసారి కదల్లేదు. చేత్తో చుట్టినప్పుడు ఒక వరస బిగువుగా, ఒక వరస వదులుగా పడుతుంది, బిగువు వరస వదులు వరసలోకి దిగబడిపోతుంది, అదీ కారణం. పాలిస్టర్ దారాన్ని మరీ లాగి చుట్టినా ముప్పేనని చెప్పారు. సాగిన దారం కుట్టులో పడ్డాక మళ్లీ ముడుచుకుంటుంది, దాంతో గుడ్డ ముడతలు పడుతుంది. అంచు దాకా నింపొద్దని, కాస్త ఖాళీ ఉంచమని కూడా అన్నారు. ఎవరో ముక్కు మొహం తెలియని మనిషికి, తన గిరాకీలు నిలబడి ఉండగా, అంత ఓపిగ్గా చెప్పే మాస్టార్లు ఎంతమంది ఉంటారండీ?

ఇక కొమ్ము పని చేసే మా వీధి తాతగారు. మా ఊరి కొమ్ము బొమ్మల గురించి వినే ఉంటారు, గేదె కొమ్ముని కాచి వంచి కొంగలూ దువ్వెనలూ చేస్తారు. “ఏటమ్మా, మిషన్ సప్పుడు ఇనబడ్డం లేదు, ఆగిపోనాదా?” అని ఆయనే వచ్చి అడిగారు. సంగతి విని ఖాళీ బాబిన్ ఒకటి పట్టుకెళ్లారు. మర్నాడు వేలెడంత నల్లటి కొమ్ము మేకు తెచ్చారు. ఒక కొస సన్నం, రెండో కొస లావు, బాబిన్ సగం దాకా దిగి బిర్రుగా పట్టుకునేలా ఆకురాయితో అరగదీశారు. ఎక్కడా దారం తగులుకోకుండా నునుపు తేల్చారు. బాబిన్ తీసి మళ్లీ తొడిగి, తొడిగి మళ్లీ తీసి, తృప్తి కలిగాకే నా చేతికిచ్చారు. దాంతోపాటు తన చేతి డ్రిల్లు కూడా తెచ్చారు. కరెంటు అక్కర్లేని, పళ్ల చక్రం ఉన్న పాత రకం. మేకుని దాని నోట్లో బిగించి పిడి ఒకసారి తిప్పితే మేకు నాలుగు చుట్ల దాకా తిరుగుతుంది.

డ్రిల్లుని బల్ల అంచుకి బిగించాం. రీలు మిషన్ మీదే, దాని మామూలు చోటే ఉంచి, దారాన్ని బల్ల మీదుండే ఆ రెండు చిన్న రేకుల మధ్య నుంచి తెచ్చాం, వైండర్‌కి బిగువు ఇచ్చేవి అవే, అవి చెక్కుచెదరలేదు. దారం కొస బాబిన్ లోపలి నుంచి పక్క బెజ్జంలోకి తీసి వేలితో పట్టుకుని, నాలుగు చుట్లు పడ్డాక తెంపేయాలి. ఒక చేత్తో నిదానంగా పిడి తిప్పుతూ రెండో చేత్తో దారాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిపిస్తే వరసలు ఎంత తిన్నగా పడ్డాయో! ఎటు తిప్పి చుట్టినా బెంగలేదు, కేస్‌లో పెట్టేటప్పుడు బాబిన్‌ని తిరగేసుకుంటే దారం సరైన వైపు వస్తుంది. మాస్టారు చెప్పినట్టు వేలాడదీసి చూశాను, చక్కగా నిలిచింది. ఆ రాత్రి కూర్చుని రంగుకి రెండేసి చొప్పున చుట్టి డబ్బాలో సర్దుకున్నాను. ఆ తర్వాత పండగ దాకా మిషన్ ఆగలేదు. తాతగారూ, మీకు డబ్బులిస్తానంటే కోప్పడ్డారు. మీ మనవరాలి గౌనుకి కూలి తీసుకోను, ఈసారి కోప్పడడం నా వంతు.

మా తోటికోడలి కొడుకు బరంపురంలో చదువుతున్నాడు. వాడికి ఫొటో పంపితే, పాత మిషన్లు విప్పి అమ్మే ఒక కొట్టు వెతికి, ఇదే రకం మిషన్ నుంచి తీసిన వైండర్ పట్టుకొచ్చాడు. బెజ్జాల మధ్య దూరం స్కేలుతో కొలిచి మరీ కొన్నాడు, బంగారు తండ్రి. మెకానిక్ అన్న వచ్చి బిగించి, కొత్త రబ్బరు వేసి, రబ్బరు డబ్బులు మాత్రమే తీసుకున్నారు.

డ్రిల్లు తాతగారికి తిరిగి ఇచ్చేశాను. మేకు నన్నే ఉంచుకోమన్నారు, మిషన్ సొరుగులో ఉంది. ఈ చుట్టుపక్కల, పాతపట్నం వైపు గానీ కాశీనగరం వైపు గానీ, ఎవరి వైండర్ పాడైనా మొహమాటపడకండి. ఖాళీ బాబిన్లూ మీ రీళ్లూ తెచ్చుకుంటే చుట్టి ఇస్తాను. మేకు కావాలంటే పట్టుకెళ్లి, పనయ్యాక తెచ్చి ఇవ్వండి.