కార్తీకానికి క్యారేజీ సంచులు

ఒరేయ్ రమణా,

కార్తీకంలో పిల్లల్ని తీసుకుని వైజాగ్ వస్తున్నామని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే హడావిడి. వనభోజనాలు కంబాలకొండలోనే అని పిల్లలు తీర్మానించేశారు. కైలాసగిరి ఎప్పుడూ చూసేదేనట, వద్దట. సరే అన్నాను గానీ, ఎవరి క్యారేజీ వాళ్లే మోసుకోవాలని ఓ రూలు పెట్టాను. "మరి మాకు సంచులేవి?" అన్నారు. ఇంట్లో ఉన్నవాటితో మీరే కుట్టుకోండి అన్నాను. పక్కింటి పిల్లలు కూడా వచ్చి చేరారు. ఇప్పుడు మా వరండాలో కాలు పెట్టే చోటు లేదు.

మెరుపుల గమ్ము, థర్మోకోలు, ఐస్‌క్రీం పుల్లల వ్యవహారం కాదురా ఇది. పారేసే వస్తువులతో చేస్తున్నామని చెప్పి, అందుకోసం బజారుకెళ్లి మూడొందలు పోసి సామాను కొనడం నాకు అస్సలు నచ్చదు. చేసిన సంచి అన్నం మోయాలి. అందం సంగతి తర్వాత.

అన్నిటికంటే బాగా కుదిరింది పాత జీన్సు కాలు. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ సరిగ్గా అందులో దిగుతుంది. గుడ్డ కొయ్యకముందే గిన్నె కొలవమన్నాను. మా పెద్దది స్కేలు పెట్టి అడ్డం 14 సెంటీమీటర్లంది. 3.14తో గుణిస్తే చుట్టుకొలత 44. అంటే కాలును నేల మీద పరిస్తే 22కి పైన, కుట్టుకీ లోపలి పొరలకీ కలిపి ఇంకో నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి. మోకాలి కింద చాలదు, తొడ వైపు ముక్కే తియ్యాలి. బడిలో ఎందుకో తెలీకుండా బట్టీపట్టిన లెక్క ఇలా పనికొచ్చేసరికి దానికి భలే హుషారొచ్చింది.

ఒక కొస కుట్టేసి, కింది రెండు మూలల్నీ లాగి అడ్డంగా ఇంకో కుట్టు వేస్తే అడుగు చదునుగా నిలుస్తుంది. అందులో గుండ్రంగా కోసిన అట్టముక్క. ఇక పట్టీ. పాత చీర అంచుల్ని మూడు పాయలుగా జడ అల్లారు. దాన్ని పైన కుట్టి వదిలేస్తే బరువంతా కుట్ల మీదే పడి దారి మధ్యలో ఊడుతుంది. అందుకని పట్టీని సంచి అడుగు కింద నుంచి తిప్పి రెండు పక్కలా పైకి తెచ్చి కుట్టించాను. దబ్బనం మాత్రం మా అమ్మ చేతుల్లోనే ఉంది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు.

వేడి పోకుండా జీన్సుకీ లోపలి పొరకీ మధ్య న్యూస్‌పేపర్ నలిపి కూరాం. ఆ మడతల్లో చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది. లోపలి పొరేమో పాల ప్యాకెట్లు. కత్తిరించి, సబ్బునీళ్లతో కడిగి, తీగ మీద బాగా ఆరబెట్టాలి, లేకపోతే పులిసిన వాసన వదలదు. పేపర్ మాత్రం తిండికి తగలకూడదు. అచ్చు సిరాలోని రసాయనాలు అంటుకుంటాయని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఆర్కే బీచ్‌లో మనిద్దరం పేపర్లో చుట్టించుకుని తిన్న మిరపకాయ బజ్జీలకి లెక్కుందంటావా!

విస్తర్లూ చాపా పెట్టుకోడానికి బియ్యం బస్తాతో పెద్ద సంచి ఒకటి చేశాం. దాని అంచు కోస్తే పోగులు ఊడొస్తాయి, రెండు మడతలు వేసి కుట్టాలి. బస్తా మీద 26 కేజీలని చూసి, ఆ ఒక్క కేజీ ఎందుకు నాన్నా అన్నాడు చిన్నోడు. 2022 జూలైలో 25 కేజీల దాకా ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశారు, అది తగలకుండా వ్యాపారులు బస్తాని 26 చేశారని చెప్పాను. "అయితే మన సంచికి ట్యాక్సు లేదన్నమాట" అన్నాడు వెధవ.

విస్తర్లంటే అడ్డాకువే, పూర్ణా మార్కెట్ నుంచి తెస్తాను. ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే అయినా, వనభోజనాలయ్యాక ఉసిరిచెట్ల కింద చూస్తే ఆ ముచ్చట తెలుస్తుంది.

మెనూ పులిహోర, దద్దోజనం, బెల్లం ఆవకాయ. దద్దోజనం అమ్మ పద్ధతిలోనే. గోరువెచ్చటి అన్నంలో పాలు పోసి కాస్త తోడు వేస్తే మనం తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది, పుల్లబడదు.

ఇక నీ పని. నీ పిల్లల సంచులు ఇక్కడికొచ్చాకే కుట్టిద్దాం, వాళ్లు తినే గిన్నెలు మాత్రం మర్చిపోకుండా పెట్టు, కొలత వాటిదే. నువ్వు పొట్ట పట్టక అటకెక్కించిన జీన్సులు కూడా పట్టుకురా. మళ్లీ సన్నబడతాను, అప్పుడేసుకుంటాను అని కబుర్లు చెప్పకు, నీ సంగతి నాకు తెలుసు. చెల్లెమ్మని పాత చీర ఒకటి అడుగు, జరీ అంచైతే వద్దు, చేతికి గుచ్చుకుంటుంది. ఏ రైలుకి దిగుతున్నారో ముందే చెప్తే స్టేషన్‌కి వస్తాను.

నీ
శ్రీను
కంచరపాలెం