బడి కంప్యూటర్ల తాళం బడి చేతిలోనే ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఉరవకొండ ప్రాంతంలో ముప్ఫై ఏళ్లు గణితం చెప్పి రిటైరైనా, మా ఉన్నత పాఠశాల కంప్యూటర్ ల్యాబుకు ఇప్పటికీ వెళ్లి వస్తున్నాను. బడులకు కంప్యూటర్లు ఇస్తామని ఏ ప్రభుత్వం అన్నా ఎన్ని ఇస్తారని అడుగుతామే గానీ, వాటన్నింటినీ కలిపి నడిపే సర్వర్ ఎవరి అధీనంలో ఉంటుందని అడిగేవారు కనబడరు. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల మా ల్యాబు చాలాకాలం కుంటుతూ నడిచింది.

కంప్యూటర్లు అమర్చిన సంస్థ కాంట్రాక్టు గడువు తీరగానే తన మనిషిని వెనక్కి పిలుచుకుంది. కంప్యూటర్లలో ఏ మార్పు చేయాలన్నా కావలసిన అడ్మిన్ పాస్‌వర్డు అతనితోనే పోయింది. కొత్త ప్రింటరు తగిలించాలన్నా, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కిన వైరస్‌ను తీయాలన్నా మాకు అనుమతి లేదని తెర మీద వచ్చేది. పైగా ఏ పిల్ల చేసిన పని ఆ పిల్ల కూర్చున్న కంప్యూటర్‌లోనే ఉండిపోయేది కనుక, "సార్, నాది మూడో సిస్టం" అంటూ పిల్లలు దాని కోసమే పోట్లాడుకునేవారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు పీరియడ్లు కూర్చుని పెన్నా నది పటం గీసింది. నది తాడిపత్రి దాకా వచ్చేసరికి ఆ మూడో సిస్టం హార్డ్‌డిస్క్ పోయింది. వారం పాటు ఆ పిల్ల ప్రతి రోజూ వచ్చి, బాగయిందా అని అడిగి వెళ్లేది.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివిన మా పాత విద్యార్థి ఒకడు దసరా సెలవుల్లో వచ్చి, డెబియన్ ఎడ్యు అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను, అంటే ఎవరైనా తెరిచి చూసి మార్చుకుని వాడుకోగల సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించాడు. నార్వేలో 2001లో స్కోలెలినక్స్ పేరుతో బడుల కోసమే మొదలైన పని అది. అందులో ఒక్క సర్వర్ మొత్తం బడిని చూసుకుంటుంది. విద్యార్థుల పేర్లు, పాస్‌వర్డులు, ఫైళ్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఏ కంప్యూటర్ ముందు కూర్చుని పేరు కొట్టినా ఎవరి పని వారికి తెరుచుకుంటుంది. ఒకసారి దించుకున్న వాటిలో కొన్నింటిని సర్వరే దాచి ఉంచి మళ్లీ అందించగలదు కాబట్టి, అంతంతమాత్రం నెట్‌తో నెట్టుకొచ్చే మా వంటి ఊళ్లకు అది కొంత ఊరట. నెట్ అసలు లేని రోజున కూడా లోపలి నెట్‌వర్క్ మీద తరగతి సాగుతుంది. 1999లో మొదలైన ఎల్‌టీఎస్‌పీ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇందులో కలిసి ఉంది. దాని సాయంతో హార్డ్‌డిస్క్ లేని కంప్యూటర్ కూడా నెట్‌వర్క్ కేబుల్ ద్వారా సర్వర్ నుంచే మొదలవుతుంది. చెడిపోయిన డిస్క్ ఊడదీసిన మూడో సిస్టం అలాగే లేచింది. అప్పటికి తొమ్మిదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయి పెన్నా పటాన్ని ఏడో సిస్టం మీద మళ్లీ మొదలుపెట్టి, రెండో దాని మీద పూర్తిచేసింది.

ఇందులో ఇబ్బందులు లేవని నేను అనను. సర్వర్ ఆగితే గదంతా ఆగుతుంది. దానికి సరిపడా ర్యామ్, కేబుళ్లన్నింటినీ కలిపే మంచి నెట్‌వర్క్ స్విచ్, కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే యూపీఎస్ ఉండాలి. ఫైళ్లను వారానికొకసారైనా వేరే డిస్క్‌లోకి నకలు తీసి పెట్టాలి. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి, ఆ మనిషికి శిక్షణ కావాలి. కేరళ ఈ సంగతి ముందే గ్రహించింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం ద్వారా సొంత ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, బడులను ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నడిపించింది. ఆ కార్యక్రమమే 2017లో కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది.

మన జిల్లాలో ఇది ఇప్పుడే జరగాలనడానికి కారణం ఉంది. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్ల మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు, కొత్త ప్రాసెసరు బడుల్లోని పాత కంప్యూటర్లలో చాలావాటికి ఉండవు. పని చేస్తున్న యంత్రాలను తుక్కు కింద అమ్మి, అదే డబ్బుతో సగం కూడా కొనలేని స్థితి మన బడులకు రాకూడదు. కేంద్ర ప్రభుత్వం తన ఈ-పరిపాలన వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని 2015లోనే విధానం ప్రకటించింది. బడి ల్యాబులకు దాన్ని వర్తింపజేయడానికి జిల్లా విద్యాశాఖకు అడ్డేమిటో నాకు అర్థం కాదు.

మండలానికి ఇద్దరు ఉపాధ్యాయులకు వేసవి సెలవుల్లో సర్వర్ నిర్వహణ నేర్పితే చాలు, పని మొదలవుతుంది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఊళ్లకు వచ్చే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ విద్యార్థులను వారికి తోడుగా పంపవచ్చు. ఇకపై పిలిచే ప్రతి టెండరులోనూ, కంప్యూటర్లు అప్పగించిన రోజునే సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డును సీలు వేసిన కవరులో ప్రధానోపాధ్యాయుని చేతికివ్వాలనే షరతు రాయాలని, ఆ కవరు బడి బీరువాలోనే ఉండాలని మీ పత్రిక ద్వారా జిల్లా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
ఉరవకొండ, అనంతపురం జిల్లా.