స్టోలట్స్ వెళ్ళే ముందు

చిన్నీ,

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. పనుండి రాయడం లేదు, ఊరికే. నువ్వు బోస్నియాలో స్టోలట్స్ ఊరికి వెళ్తున్నావని బుజ్జిగాడు చెప్పాడు. ఇంకేదో కూడా చెప్పాడు, అది వదిలెయ్.

ముందు నీ జర్మనీ రెసిడెన్స్ కార్డు గడువు చూసుకో. బోస్నియా షెంగెన్‌లో, అంటే సరిహద్దు తనిఖీల్లేకుండా తిరిగే ఆ యూరప్ దేశాల్లో లేదు, కార్డు చెల్లకపోతే తిరిగి రావడం కష్టం. చదువు మీద ఇచ్చిన కార్డు, చదువు మానేస్తే ఏమవుతుందో నీకు తెలియంది కాదు. నేనేం అడగడం లేదు. అక్కడ ఈయూ రోమింగ్ కూడా ఉండదు, సరిహద్దు దాటగానే డేటా ఆపేసి లోకల్ సిమ్ కొనుక్కో. ఫోన్ ఎత్తకపోతే ఆ నాలుగు రోజులూ రోమింగ్ అనుకుంటాం. ఈ మూడు వారాలు మాత్రం జర్మనీలోనే ఉన్నావుగా.

కవి మాక్ దిజ్దార్ ఇంటిని అక్కడ ‘మకోవా హిజా’ అంటారు. హిజా అంటే ఇల్లు, పాత మాట. చిన్న మ్యూజియం, తలుపులు తీసే ఉంటాయనుకోకు, ముందే అడిగి వెళ్ళు. దానికంటే ముందు రాదిమ్లియా చూడు, ఊరికి 3 కిలోమీటర్లు, చాప్లినా రోడ్డు పక్కనే. అక్కడ 133 మధ్యయుగపు సమాధి రాళ్ళున్నాయి, స్టెచక్‌లంటారు. 1966లో వచ్చిన మాక్ కవితల పుస్తకం ‘కామెని స్పావాచ్’ పుట్టింది ఇలాంటి రాళ్ళలోంచే. రాళ్ళు చూడకుండా ఇంటికెళ్తే గోడల మీద కాగితాలు చూసొచ్చినట్టే. పొద్దున్నే వెళ్ళు. చెక్కడాలు లోతు తక్కువ, వెలుగు పక్కనుంచి పడితేనే నీడ కట్టి కనిపిస్తాయి. మధ్యాహ్నమైతే రాయి మీద చెక్కిన, చెయ్యెత్తిన మనిషి అరచెయ్యి కూడా రాతిలో కలిసిపోతుంది. ఫొటో కోసం చాక్‌పీసు రుద్దకు, అది సున్నపురాయి.

మాక్ అనేది ఆయన పెట్టుకున్న పేరే, గసగసాల పువ్వని అర్థం. అసలు పేరు మెహ్మెదాలియా. 1917లో స్టోలట్స్‌లోనే పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మీద పోరాడిన పార్టిజాన్ల పక్షం. ప్రభుత్వం కంట పడకుండా ఊరూరా మకాం మార్చాడు. ఆ రోజుల్లో అది తప్పు కాదు, ప్రాణం నిలుపుకోవడం. ఆయన బతికాడు, 1971 దాకా. తల్లి నెజీరా, చెల్లెలు రెఫీకా మాత్రం 1945లో యాసెనోవట్స్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. చంపేశారు. కొడుకు ఎక్కడున్నాడో ఆ తల్లికి ఏ మాత్రం తెలిసుంటుందో, అదే ఆలోచిస్తూ కూర్చున్నాను రాత్రి. నీకు యుద్ధం లేదు, ఫోనుంది. ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, సరే.

అక్కడి డబ్బు మార్కు. యూరోకి 1.95583 మార్కులు, ఆ రేటు మారదు. 10 మార్కుల నోట్లు రెండు రకాలు, ఒకదాని మీద మాక్ బొమ్మ, ఇంకోదాని మీద ఇంకో కవి షాంటిచ్. రెండూ దేశమంతా చెల్లుతాయి, దేశం దాటితే మార్చడం కష్టం. ఖర్చు పెట్టేసి రా, ఒక్క మాక్ నోటు సుగుణకి ఉంచు. తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే అడుగు. నీళ్ళు రెండు సీసాలు.

అమ్మ నీ ఆకుపచ్చ స్వెటర్ పంపమంటోంది. అక్కడ ఎండలు మండుతున్నాయన్నా వినదు. పార్సిల్ మీద ఏ అడ్రస్ రాయను? పాతదేనా?

నాన్న