అభిరుచి ఫొటోగ్రాఫర్లకు దొంగ ఫొటోషాప్ అవసరమా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కెమెరా పట్టుకుని తిరిగేవారు ఈ మధ్య బాగా పెరిగారు. ఆదివారం పూట పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికో, ఉదయ సముద్రం కట్ట మీదికో, పాలమూరు పిల్లలమర్రికో, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డుకో వెళ్లి చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. వీరు స్టూడియోలవారు కాదు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, డిగ్రీ విద్యార్థులు, నాలాంటి విశ్రాంత ఉద్యోగులు. కెమెరా కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి, పదిమందిని అడిగి కొనే వీరు, తీసిన ఫొటోలను సరిదిద్దుకునే సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ ఆలోచనా లేకుండా కంప్యూటర్ షాపు కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన, లైసెన్సు తాళం విరగ్గొట్టిన క్రాక్ ఫొటోషాప్‌తో సరిపెట్టుకుంటున్నారు. ఈ అలవాటు గురించే నాలుగు మాటలు మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా చట్టం మాట. ఊళ్లో అందరూ వాడుతున్నారు కాబట్టి దోషం లేదనుకోవడం పొరపాటు. దొంగ నకలు అని తెలిసీ ఒక కంప్యూటర్ ప్రోగ్రామును వాడటం 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను కింద నేరం. దానికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసం, వ్యాపారం కోసం వాడలేదని తేలితే ప్రత్యేక కారణాలు చూపి జైలుశిక్షను తప్పించి, 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టే అధికారం న్యాయస్థానానికి ఉంది. సరదా కోసం ఫొటోలు తీసేవారి ఇంటికి పోలీసులు వస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే పిల్లలకు పాఠాలు చెప్పే మనమే మన గదిలోని కంప్యూటర్‌లో దొంగ సరుకు పెట్టుకుని కూర్చోవడం ఏమంత గౌరవమైన పని కాదని చెప్పక తప్పదు.

చట్టాన్ని పక్కన పెట్టినా నష్టం తక్కువేమీ కాదు. క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపేయమంటారు. అదే కంప్యూటర్‌లో మనం బ్యాంకు లావాదేవీలూ చేస్తుంటాం. పైగా అలా వేసిన ప్రోగ్రాముకు అప్‌డేట్లు రావు. కెమెరా కంపెనీ కొత్త మోడల్ విడుదల చేసినప్పుడల్లా దాని రా ఫైళ్లను, అంటే సెన్సార్ పట్టినదాన్ని కెమెరా దిద్దకుండా దాచిన ఫైళ్లను, చదివే సదుపాయం అప్‌డేట్ ద్వారానే ఫొటోషాప్‌కు అందుతుంది. కాబట్టి పాత క్రాక్ ఫొటోషాప్ పెట్టుకుని కొత్త కెమెరా కొన్నవారు, తమ రా ఫైళ్లు తెరుచుకోవడం లేదని ఆ కెమెరానే తిట్టుకోవడం నేను చూశాను. ఫొటోషాప్ తయారుచేసే అడోబీవారి డీఎన్‌జీ కన్వర్టర్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైళ్లను డీఎన్‌జీ అనే అడోబీవారి రా ఫైలు రూపంలోకి మార్చుకుంటే పాత వెర్షన్‌లోనూ తెరుచుకుంటాయని ఆ షాపువారు ఎవరికీ చెప్పరు.

ఇదంతా ఫొటోషాప్ మీద కోపంతో రాస్తున్నది కాదు. 1990లో మొదటి వెర్షన్ వచ్చిన నాటి నుంచి అది ఈ రంగానికి పెద్దన్నగానే ఉంది. పెళ్లిళ్ల సీజనులో రాత్రింబవళ్లు కరిజ్మా ఆల్బమ్‌లు దిద్దే స్టూడియోలవారికి అది కూడు పెట్టే పనిముట్టు. వారు డబ్బు కట్టి వాడుకోవడమే న్యాయం, అందుకు గిట్టుబాటు కూడా ఉంది. మనలాంటివారి పరిస్థితి వేరు. 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ తరువాత ఫొటోషాప్‌ను ఒక్కసారి డబ్బు కట్టి శాశ్వతంగా కొనుక్కునే పద్ధతి పోయి, 2013 నుంచి చందా పద్ధతి వచ్చింది. చందా ఆపిన తరువాత ఫొటోషాప్ తెరుచుకోదు. నెలకు రెండు మూడు ఆదివారాలు మాత్రమే కెమెరా ముట్టుకునేవారు ఏడాది పొడవునా ఆ ఖర్చు భరించాలా అన్నది ఎవరికి వారు లెక్క వేసుకోవలసిన విషయం.

అసలు మనం చేసే పనేమిటో ఒకసారి చూద్దాం. ఒరిగిన కట్టను సమం చేస్తాం, అంచులు కత్తిరిస్తాం, వెలుగునీడలు సరిచేస్తాం, రంగులో పచ్చదనమో నీలమో ఎక్కువైతే తగ్గిస్తాం, సెన్సార్ మీది దుమ్ము మచ్చలు తీసేస్తాం, చివరికి పంపడానికో ప్రింటుకో తగిన కొలతకు తెస్తాం. లేయర్ (పొర) మీద లేయర్ పేర్చి కొత్త బొమ్మ తయారుచేసే పని మనలో చాలామందికి ఏడాదికోసారి కూడా పడదు. ఈ జాబితాలోని పనులన్నిటికీ చట్టబద్ధంగా, పైసా ఖర్చు లేకుండా దొరికే మంచి ప్రోగ్రాములు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలన్నది ముఖ్యంగా మనం కెమెరాయే దిద్ది, కుదించి ఇచ్చే జేపీఈజీలో తీస్తున్నామా, రాలో తీస్తున్నామా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

దీనికి ఛాయా సోమేశ్వరాలయమే మంచి ఉదాహరణ. గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడను చూడటానికే అందరూ అక్కడికి వెళ్తారు. ఆ నీడను ఫొటో తీయడం మాత్రం కష్టం. మండపంలో నిలబడితే ఒకవైపు కళ్లు మిరుమిట్లు గొలిపే ప్రాంగణం, మరోవైపు చీకటి గర్భగుడి. బయటి వెలుగుకు తగ్గట్టు తీస్తే లోపలి రాయి నల్లగా ముద్దవుతుంది. లోపలికి తగ్గట్టు తీస్తే బయట తెల్లగా కాలిపోతుంది. జేపీఈజీలో ఒక్కో రంగుకు వెలుగులో 256 మెట్లే ఉంటాయి కాబట్టి, నలుపులో కలిసిపోయిన రాతిని తరువాత ఎంత పైకి లాగినా మచ్చలూ చారలూ తప్ప చెక్కడాలు కనబడవు. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటాయి. బయటి వెలుగు కాలిపోకుండా జాగ్రత్తపడి తీస్తే లోపలి నీడను చాలావరకు తిరిగి రాబట్టుకోవచ్చు. పిల్లలమర్రి కింద సమస్య మరో రకం: ఆకుల గుండా దిగే వెలుగు ముఖాలకు పచ్చరంగు పులుముతుంది. రాలో తీస్తే వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగుల సమతూకాన్ని, ఇంటికొచ్చాక తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు; జేపీఈజీలో అది ఫొటో తీసినప్పుడే ఖరారైపోతుంది. ఒక్కో రా ఫైలు సాధారణంగా 20 ఎంబీకి పైనే ఉంటుంది కాబట్టి హార్డ్ డిస్కు త్వరగా నిండుతుందన్న మాట నిజమే. అయినా గుళ్లలో, చెట్ల కింద తీసేవారికి రా తప్పదనే నా అభిప్రాయం. మిట్ట మధ్యాహ్నం జాతరలో తీసినవాటికి జేపీఈజీ చాలు.

రా ఫైళ్లను దిద్దడానికి డార్క్‌టేబుల్, రాథెరపీ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. రెండూ అసలు ఫైలును తాకవు. మనం చేసిన మార్పులను పక్కనే ఒక చిన్న ఫైలులో రాసిపెట్టుకుంటాయి. పదేళ్ల తరువాత మన అభిరుచి మారినా అదే ఫైలును మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవచ్చు. డార్క్‌టేబుల్‌లో ఫొటోలో కావలసిన భాగాన్ని మాత్రమే ఎంచి సరిచేసే మాస్కులు చాలా శక్తిమంతమైనవి. దానిలోని మీటలు చూసి మొదట కొంత తికమక పడతాం, పైగా దానికి కాస్త బలమైన కంప్యూటర్ కావాలి. పాత కంప్యూటర్ ఉన్నవారు రాథెరపీతో మొదలుపెడితే సులువు. ఏదో ఒకటి పట్టుకుని కొన్ని నెలలు దానితోనే ఉండాలి తప్ప, వారానికొకటి మారుస్తూ పోతే ఏదీ చేతికి రాదు.

జేపీఈజీలు దిద్దడానికీ, రెండు ఫొటోలు కలపడానికీ, అక్షరాలు రాయడానికీ గింప్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. 1990ల నడుమ బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము మీద మన దగ్గర ఒక చిన్నచూపు ఉంది. ఆ చిన్నచూపు పాత వెర్షన్ల వల్ల వచ్చింది. అప్పట్లో అది రంగుకు 8 బిట్లకు, అంటే 256 మెట్లకు, మించి పనిచేసేది కాదు, ఒకసారి వేసిన ఫిల్టర్‌ను తరువాత మార్చడం కుదిరేది కాదు. మొదటి లోపం 2018లో వచ్చిన 2.10 వెర్షన్‌తోనూ, రెండోది 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌తోనూ తీరిపోయాయి. రా ఫైలును గింప్ తనంతట తాను తెరవదు. డార్క్‌టేబుల్‌నో రాథెరపీనో పిలిచి దాని ద్వారా తెచ్చుకుంటుంది. ఎప్పుడైనా ఫొటోషాప్ సొంత రూపమైన పీఎస్‌డీ ఫైలు ఒకటి చూడవలసి వస్తే బ్రౌజర్‌లోనే పనిచేసే ఫొటోపీ చాలు. ప్రకటనలను కాస్త ఓర్చుకోవాలి.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఫొటోషాప్‌ను వదలకపోవడానికి చెప్పే పెద్ద కారణం ఇదే. పుట్టినరోజు శుభాకాంక్షలకో, ఊరి జాతర ఫొటోల మీద పేరు రాయడానికో తెలుగు కావాలి. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్లు, ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో ఆ రాత అర్థంపర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. యూనికోడ్ తెలుగును ఫొటోషాప్‌లో టైపు చేస్తే వత్తులు చెదిరిపోతాయని చాలామంది అంటారు. కొత్త వెర్షన్లలో టైప్‌కు సంబంధించిన ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా లిపులకు తగిన ఎంపికను పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. గింప్‌లో అయితే ఏమీ మార్చకుండానే వత్తులు, గుణింతాలు సరిగా కుదురుతాయి. మండలి, రామభద్ర, పొన్నాల వంటి చక్కని తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి తెలుగు కోసం ఫొటోషాప్ తప్పదన్న వాదన ఇప్పుడు నిలవదు.

ఫోన్‌తోనే తీసి ఫోన్‌లోనే దిద్దుకునేవారికి స్నాప్‌సీడ్ అనే యాప్ ఒక్కటి చాలు. అయితే దిద్దిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది, డాక్యుమెంటుగా పంపితేనే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఫొటోలను సర్దుకోవడం గురించి మనం అసలు ఆలోచించం. ఎంతోమంది ఇష్టంగా వాడిన పికాసాను గూగుల్ 2016లో ఆపేసింది. ఏ ప్రోగ్రామైనా ఇలా ఒకనాడు ఆగిపోవచ్చు కనుక, తేదీ, ఊరి పేరుతో ఫోల్డర్లు పెట్టి అసలు ఫైళ్లను వాటిలో దాచుకుని, మరో డిస్కులో నకలు ఉంచుకోవాలి. వేల ఫొటోలున్నవారికి డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉపయోగపడుతుంది.

ప్రింటు వేయించేవారికి ఒక మాట. 12 అంగుళాలు, 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3,600, 5,400 పిక్సెళ్లు కావాలి. అంటే సుమారు 19 మెగాపిక్సెళ్లు. కాబట్టి అంచులు విపరీతంగా కత్తిరించిన ఫొటోను అంత పెద్దగా వేయించకూడదు. ల్యాబుకు పంపే ఫైలును, వారు వేరే చెప్పకపోతే, ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణంలో పంపాలి. ప్రింటు నల్లగా వచ్చిందని ల్యాబువారితో గొడవపడే ముందు మన స్క్రీను వెలుతురు ఎంత పెంచి పెట్టుకున్నామో చూసుకోవాలి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది కదా అని మే నెల నల్లగొండ ఆకాశానికి కేరళ మబ్బులు అతికించేవారూ తయారయ్యారు. ఇంట్లో గోడకు తగిలించుకునే ఫొటోకైతే ఎవరిష్టం వారిది. కానీ పోటీలకు, పత్రికలకు పంపేటప్పుడు ఇది చిక్కు తెస్తుంది. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా పోటీలు పెట్టేవారు నియమాల్లో 'ఎడిటింగ్ చేయరాదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటున్నారు. రా ఫైలును ఎంతో కొంత దిద్దకుండా బయటికి తీయడమే కుదరదు. వెలుగునీడలు, రంగు సవరించడం, కత్తిరించడం వరకు అనుమతి ఉందనీ, లేనిది చేర్చడం, ఉన్నది తీసేయడం కుదరదనీ స్పష్టంగా రాస్తే అందరికీ మేలు.

చివరిగా రెండు విన్నపాలు. మన జిల్లాల్లోని డిగ్రీ కళాశాలలు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు ఫొటో ఎడిటింగ్ నేర్పేటప్పుడు లైసెన్సు ఉన్న ఫొటోషాప్‌తోనైనా నేర్పాలి, లేదా గింప్, డార్క్‌టేబుల్‌లతోనైనా నేర్పాలి. క్రాక్ వేసిన కంప్యూటర్ మీద నేర్చుకున్న విద్యార్థి బయటికి వచ్చాక మళ్లీ క్రాక్ కోసమే వెతుకుతాడు. రెండోది మీకు. పాఠకుల ఫొటోలు అడిగేటప్పుడు ఏ కొలతలో, ఏ ఫైలు రూపంలో, ఎంతవరకు దిద్ది పంపాలో నాలుగు పంక్తుల్లో అచ్చువేయండి. వీలైతే ఈ ఉచిత ప్రోగ్రాముల వాడకం మీద తెలుగులో బొమ్మలతో వారానికొక చిన్న శీర్షిక నడపండి. అందుకు నావంతు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ.