ఉయ్యాలలోని ఇంటి పెద్ద

ప్రియమైన పద్మకు,

కొరియా సీరియళ్ళలో విడాకులు అనగానే ఆడవాళ్ళు బిడ్డ గురించి అంతలా ఎందుకు హడలిపోతారని అడిగావు కదా. అప్పటి నుంచి అక్కడి కుటుంబ చట్టం గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది.

దక్షిణ కొరియాలో 2007 చివరి దాకా ప్రతి కుటుంబానికీ ప్రభుత్వ రిజిస్టరులో ఒక పెద్ద ఉండాల్సిందే. హోజు పద్ధతి అంటారు. ఆ పెద్దరికం తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళేది. భర్త పోతే ఉయ్యాలలో ఉన్న కొడుకైనా సరే, తల్లికీ నాయనమ్మకీ వాడే పెద్ద! విడాకులైతే భర్త రిజిస్టరులోంచి భార్య పేరు తీసేసేవారు, పిల్లల పేర్లు మాత్రం అక్కడే ఉండిపోయేవి. కోర్టు బిడ్డను తల్లికే అప్పగించినా, అన్నం పెట్టి బడికి పంపేది ఆమే అయినా, నివాస పత్రంలో ఆమెకూ బిడ్డకూ మధ్య సంబంధం 'కలిసి ఉంటున్న వ్యక్తి' అని రాసేవారు. కన్నతల్లిని పట్టుకుని, పద్మా! ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఒకే ఇంట్లో అక్కదో ఇంటిపేరు, తమ్ముడిదో ఇంటిపేరు. మార్చుకునే దారే ఉండేది కాదు.

దీని మీద జీవితమంతా పోరాడినావిడ లీ తై యంగ్. జపాన్ పాలనలో భర్త జైలుపాలైతే దుప్పట్లు కుట్టి సంసారం ఈదారు. పిల్లల తల్లి అయ్యాక, 1946లో, సియోల్ నేషనల్ యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చదవడానికి చేరి, దేశపు తొలి మహిళా న్యాయవాది అయ్యారు. 1956లో ఆడవాళ్ళకు న్యాయ సలహా కేంద్రం తెరిచారు. 1975లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. విడాకులప్పుడు ఆస్తిలో వాటా కోరే హక్కు 1989 సవరణతో గానీ రాలేదు, అది అమల్లోకి వచ్చింది 1991లో. అంతకుముందు పిల్లలు కూడా మామూలుగా తండ్రికే. 2005లో రాజ్యాంగ న్యాయస్థానం హోజును కొట్టేసేనాటికి ఆవిడ లేరు, 1998లోనే పోయారు. ఆ తీర్పు ఆవిడ చెవిన పడి ఉంటే ఎంత బాగుండేదో!

2008 నుంచి కోర్టు అనుమతితో బిడ్డ ఇంటిపేరు మార్చుకోవచ్చు. కానీ పుట్టే బిడ్డకు తల్లి ఇంటిపేరు పెట్టాలంటే, పెళ్ళి నమోదు చేసుకునే రోజునే ఆ సంగతి రాసి ఇవ్వాలి. తండ్రి పేరుకైతే ఏ కాగితమూ అక్కర్లేదు. బిడ్డ ఊసే లేని రోజున ఆ ఒప్పందం ఎందుకు అడగాలి? నాకు అసలు మింగుడు పడటం లేదు. నువ్వేమంటావో వివరంగా రాయి.

నీ
లలిత