ఏ తుపాకీ అని అడిగావుగా

ఆర్.టి. నగర్, బెంగళూరు

చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివి మీ నాన్న, "కంప్యూటర్ ముందు కూర్చునేది చాలక ఇప్పుడు వేట కూడానా" అని మళ్లీ పేపర్లో తల దూర్చేశారు. నేను మాత్రం అప్పట్నించీ దాని మీదే ఉన్నాను. ఫోన్‌లో చెప్తే సగంలోనే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

నీ ఫ్రెండ్ వాళ్ల రాంచ్‌లో అడివిపందులు గడ్డి నేలంతా తవ్విపోస్తున్నాయన్నావు. వాళ్ల బీరువాలో మూడు తుపాకులున్నాయి: .223 ఏఆర్ (తూటా దానంతటదే ఎక్కే రకం), .308 బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో పిడి లాగి ఎక్కించేది), వాళ్ల తాత వాడిన .45-70 లీవర్ యాక్షన్ (కింద లీవరు తిప్పి ఎక్కించేది). ఆ అంకెలు అవి వాడే తూటా రకాల పేర్లు. ఏది తీసుకోమంటావ్ అని అడిగావు. .308 తీసుకో. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు ఇంకో సంగతి తేలాలి.

నువ్వున్నది హెచ్1బి మీద. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడివిపందుల వేటకి లైసెన్సు అక్కర్లేదు. నీ ఫ్రెండ్ కూడా అదే చెప్పుంటాడు. అతని వరకూ అది నిజమే. కానీ అమెరికా ఫెడరల్ చట్టం నీలాగా నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదంటుంది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు గడువు దాటకుండా నీ దగ్గర ఉండటం. అంటే పందికి అక్కర్లేని లైసెన్సు నీ వీసాకి కావాలి. కొంటేనే కదా అనుకోకు, ఫ్రెండ్ తుపాకీని చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. లైసెన్సు తీసుకో, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి పెట్టిన హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేసెయ్. మీ కంపెనీ వీసా లాయర్‌కి ఒక మెయిల్ పెట్టి, సమాధానం రాతపూర్వకంగా తెప్పించుకో. గ్రీన్‌కార్డ్ క్యూలో ఇన్నేళ్లు నిలబడి ఒక పంది కోసం పోగొట్టుకుంటావా?

ఇక తుపాకీ సంగతి. ఆదివారం మీ మామయ్య వస్తే ఇదే మాట్లాడుకున్నాం. పట్టాలెక్కితే ఆగడు కదా. ఆర్మీలో మొదట ఎస్ఎల్ఆర్ రైఫిల్ మోసి, తర్వాత ఇన్సాస్ రైఫిల్ మోసినవాడు. ఎస్ఎల్ఆర్‌ది 7.62 తూటా, నీ .308కి దాదాపు అన్నదమ్ముడే. ఇన్సాస్‌ది 5.56, అది నీ .223కి దగ్గరి చుట్టం. దగ్గరిదే గానీ ఒకటి కాదట. .223 అని రాసున్న తుపాకీలో 5.56 తూటా పెట్టొద్దని, ప్రెషర్ ఎక్కువవుతుందని మరీమరీ చెప్పమన్నాడు. మాటల మధ్యలో కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మామూలు .223 బుల్లెట్ 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. సెకనుకి దాదాపు 990 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, శక్తి 1,700 జౌల్స్ పైచిలుకు. .308లో 150 గ్రెయిన్లది దాదాపు పది గ్రాములు, వేగం 860 మీటర్లు, శక్తి 3,500 జౌల్స్ పైన. వేగంలో .223దే పైచేయి, శక్తిలో సగానికి కాస్త అటూ ఇటూ. నువ్వు ఎన్‌సీసీలో కాల్చిన .22ని వీటితో పోల్చుకోకు, దాని శక్తి 200 జౌల్స్ కూడా ఉండదు.

ఇంతవరకూ మామయ్య మాట. ఇక్కడి నుంచి నా మాట విను. ఎందుకంటే తుపాకీ గురించి చెప్పేవాళ్లు నీకు టెక్సాస్‌లో అడుగడుగునా దొరుకుతారు, పందిని కోసి చూసినవాళ్లు తక్కువ.

కుప్పం అవతల, చెనక్కాయ చేనుకి పెట్టిన కరెంటు తీగ తగిలి చచ్చిన మగ పందికి ఒకసారి పశువుల డాక్టర్‌గా నేనే పోస్టుమార్టం చేశాను. జబ్బ మీద కత్తి పెడితే చర్మం దాటిందో లేదో ఆగిపోయింది. లోపల అంగుళం పైనే మందంగా తెల్లటి పొర, పాత లారీ టైరు ముక్కని కోస్తున్నట్టు ఉంది. అటెండరు బ్లేడు మార్చి ఇస్తూనే ఉన్నాడు. మగవి ఆడదాని కోసం ఒకదాన్నొకటి కోరలతో కుమ్ముకుంటాయి కదా, ఆ పోట్లు ఛాతీలోకి దిగకుండా మెడ నుంచి జబ్బ దాటి పక్కటెముకల దాకా ఈ కవచం పెరుగుతుంది. వయసు మీదపడే కొద్దీ మందమవుతుంది. ఆడవాటికి, పిల్లలకి ఉండదు. టెక్సాస్ పందులు వేరనుకోకు, జాతి ఒకటే. స్పెయిన్ వాళ్లు తెచ్చిన ఊరపందులు అడివిలో పడ్డాయి, తర్వాత వేట సరదా కోసం యూరప్ నుంచి తెచ్చిన అడివి మగవి వాటితో కలిశాయి.

ఈ కవచాన్ని తూటా దాటలేదని కాదు, .223 కూడా దాటుతుంది. దాటాక ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. నక్కల్ని, కుందేళ్లనీ కొట్టడానికి చేసిన పల్చటి బుల్లెట్ అయితే కవచం దగ్గరే పగిలి ముక్కలైపోతుంది. పంది గాయంతో పారిపోయి ఎక్కడో పొదలో రోజుల తరబడి కుళ్లి చస్తుంది. పైన మొత్తం రాగి తొడుగుండే మిలిటరీ రకం, అదే ఫుల్ మెటల్ జాకెట్, సూదిలా ఇటు నుంచి అటు దూసుకుపోతుంది, లోపల పెద్దగా నష్టం చెయ్యదు. నీకు కావలసింది లోపలికి దిగుతూ విచ్చుకునేది, విచ్చుకున్నా విడిపోనిది. కొన మెత్తగా ఉండే సాఫ్ట్ పాయింట్, లేదా సీసం తొడుగుకి అతికించి ఉండే బాండెడ్ రకం, లేదా మొత్తం రాగితో చేసింది. డబ్బా మీద అంకె కన్నా ముందు ఈ మాట చూడు. మంచి బుల్లెట్ వేసిన .223 చేతకాని బుల్లెట్ వేసిన .308 కన్నా నయం. కానీ .223తో అన్నీ సరిగ్గా కుదరాలి: దూరం తక్కువుండాలి, పంది కదలకూడదు, చెవి వెనక రూపాయి బిళ్లంత చోట కొట్టాలి. చెయ్యి తిరిగినవాళ్లు అలా రోజూ కొడతారు. నువ్వు కొట్టలేవు, కోపం తెచ్చుకోకు. కొత్తవాడికి కాస్త తప్పు జరిగినా పని పూర్తి చేసేది కావాలి. అందుకే .308.

మరి .45-70 ఇంకా పెద్దది కదా అంటావు. పెద్దదే, 1873 నాటి తూటా, బుల్లెట్ మామూలుగా 300 గ్రెయిన్లకి తగ్గదు. పొదల్లో, యాభై గజాల లోపు అయితే దానికి తిరుగులేదని మామయ్యా ఒప్పుకున్నాడు. కానీ వేగం తక్కువ కాబట్టి నూట యాభై గజాలు దాటితే బుల్లెట్ బాగా కిందికి జారిపోతుంది, దూరం అంచనా వెయ్యడం రానివాడు పంది కాళ్ల కింద మట్టిని కొడతాడు. పైగా భుజాన్ని గట్టిగా తంతుంది. ఒకసారి తన్నించుకున్నాక రెండోసారి ట్రిగ్గర్ దగ్గరికి వేలు వెళ్లేలోపే కళ్లు మూసుకుపోతాయి. వాళ్ల తాత తుపాకీ మీద మోజు ఉంటే ఉండనీ, లైసెన్సు వచ్చాక రేంజ్‌లో రెండు గుళ్లు కాల్చి ఫోటో దిగు. కొనుక్కుంటే ఏది అని తర్వాతెప్పుడైనా అడిగితే 6.5 క్రీడ్‌మూర్ తూటా వాడే తుపాకీ చూడు, .308 కన్నా తక్కువ తంతుంది, పందికి సరిపోతుంది. ఇప్పుడు మాత్రం కొనొద్దు.

ఎక్కడ కొట్టాలో చెప్తాను, ఇది రెండుసార్లు చదువు. అక్కడివాళ్లు జింకల్ని కొట్టి అలవాటుపడి, ముందుకాలి వెనక పక్కటెముకల మధ్య గురిపెడతారు. పందికి ఆ లెక్క కుదరదు. దాని గుండె ఛాతీలో బాగా కిందికి, ముందుకాళ్ల మధ్యకి ఉంటుంది. ఊపిరితిత్తులు కూడా ముందుకే సర్దుకుని ఉంటాయి. కాలికి జానెడు వెనక కొట్టావంటే లివరో పొట్టో చిల్లు పడుతుంది. చస్తుంది, కానీ ఎక్కడో. పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెంబడే పైకి చూస్తూ వెళ్లి, ఒళ్లు ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగు. ఇంకో మోసం వీపు దగ్గరుంది. వీపు గీత ఎక్కడుందో వెన్నుపాము అక్కడే ఉందనుకుంటాం. జబ్బల దగ్గర అది చాలా కిందికి దిగి ఉంటుంది, పైనున్నదంతా ఎముకల కొసలు, కండ, జుట్టు. అక్కడ తగిలితే పంది దబ్బున పడుతుంది, నువ్వు గెంతులేస్తావు, అది లేచి పారిపోతుంది. పారిపోయాక రక్తం చారలు పట్టుకుని వెతకడం కూడా కష్టం. కొవ్వూ బురద పట్టిన వెంట్రుకలూ రంధ్రాన్ని పూడ్చేస్తాయి. అందుకే రెండు పక్కలా రంధ్రం పడే శక్తి ఉండటం మంచిది. ఇది కూడా .308 వైపే.

రెండు పక్కలా రంధ్రం పడుతుందంటే అవతలికి బుల్లెట్ వస్తుందని అర్థం. పందులు గుంపుగా తిరుగుతాయి, ఒకదాని వెనక ఇంకోటి ఉంటుంది, దాని వెనక మీ ఫ్రెండ్ వాళ్ల ఆవులు ఉండొచ్చు. వెనక మట్టిగట్టు ఉంటేనే కాల్చు. గుట్ట కొన మీద ఆకాశానికి ఆనుకుని నిలబడ్డ పందిని కాల్చకు, ఎంత పెద్దదైనా సరే. రాత్రిపూట వేడిని చూపించే థర్మల్ స్కోప్ పెట్టుకుని వెళ్తారట అక్కడ. మొదటిసారి నువ్వు పగలే వెళ్లు. వేడిగా తెల్లగా కనిపించేదంతా పంది కాదు.

ఇక్కడ అయితే ఇంత చర్చే లేదు. తాతయ్యకి పంట కాపలా లైసెన్సు ఉన్నా, ఎలక్షన్లొచ్చినప్పుడల్లా తుపాకీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. 2022 సవరణ తర్వాత మన అడివిపంది వన్యప్రాణి చట్టంలో రెండో షెడ్యూల్లో ఉంది, ఫారెస్టు వాళ్లు రాసిస్తే తప్ప ముట్టుకోకూడదు. పోనీ పంటకి పరిహారమైనా టైముకి వస్తుందా అంటే రాదు. అందుకే కరెంటు తీగలు, నాటు బాంబులు. ఆ తీగలకి పందులతో పాటు ఏనుగులూ పోతున్నాయి, చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులూ పోతున్నారు. ఒక్క సరైన తూటాతో అయ్యే పనికి అదా పద్ధతి అని నాకు ఇప్పటికీ మంటే. మీ నాన్న ఒప్పుకోరు, "తుపాకులు పంచితే పందులతో ఆగుతారా" అంటారు. ఆ గొడవ మా ఇద్దరిదీ, నీకెందుకు.

కొట్టాక కోసేటప్పుడు చేతులకి గ్లౌజులు తప్పనిసరి. బ్రూసెల్లా సూయిస్ అనే బాక్టీరియా వాటి రక్తంలో, గర్భసంచిలో ఉండొచ్చు. వేలి మీద చిన్న గీత చాలు. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, వారాల తరబడి మందులు. అలా జ్వరమొస్తే డాక్టర్‌కి పందిని కోశానని నువ్వే చెప్పాలి, లేకపోతే వాళ్లకి తట్టదు. మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఉడకాలి, థర్మామీటర్ గుచ్చి చూడు. పచ్చి ముక్కలు మీ ఫ్రెండ్ కుక్కకి వెయ్యనివ్వకు. పందుల నుంచి వచ్చే ఆజెస్కీ అనే వైరస్ వ్యాధి మామూలుగా మనకేం చెయ్యదు గానీ కుక్క రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది.

లాయర్ ఏమన్నాడో మెసేజ్ పెట్టు. అప్పటిదాకా రాంచ్‌కి వెళ్తే వెళ్లు, బైనాక్యులర్ పట్టుకుని కూర్చో, తుపాకీ ముట్టుకోకు. మామయ్య నీకు స్కోప్ జీరో చెయ్యడం, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా సరిచెయ్యడం, వీడియో కాల్‌లో నేర్పిస్తానంటున్నాడు, శనివారం మీ రాత్రి, మాకు ఆదివారం పొద్దున. టిఫిన్‌కి ఇక్కడికే వస్తాడు కాబట్టి ఆలస్యం చెయ్యకు.

అమ్మ